పాత ట్రాక్టర్‌లో ఏసీ పంపు చప్పుడు: కారణం గుర్తించడం, పంపు మార్చుకోవడం

పెందుర్తి, సబ్బవరం, కొత్తవలస ప్రాంతాల్లో పాత ట్రాక్టర్లు, జీపుల మీద ఆధారపడే చిన్న రైతులు ఉన్నారు. తెల్లవారుజామున కూరగాయల లోడుతో విశాఖ రైతు బజారుకు బయలుదేరేటప్పుడు ఇంజన్ పక్క నుంచి టకటక చప్పుడు వస్తే, బండి నడుస్తోంది కదా అని ఊరుకోకూడదు. అది ఏసీ పంపు చప్పుడైతే, చిన్న రిపేరుతో పోయేది ఇంజన్ పని దాకా రావచ్చు.

ఏసీ పంపు ఏం చేస్తుంది?

ఇంజన్ పక్కన 2 బోల్టులతో బిగించి, చేత్తో కొట్టే చిన్న లివరు ఉండేదే ఏసీ పంపు. ఇది ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టరు ద్వారా పెద్ద పంపుకు పంపుతుంది. లోపల రబ్బరు డయాఫ్రం, స్ప్రింగు, వాల్వులు ఉంటాయి. క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ దీని లివరును నెడుతుంది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కార్లలోనూ ఇలాంటి పంపులు ఉండేవి. బావి దగ్గర వాడే ఆయిల్ ఇంజన్లలో చాలావాటికి ట్యాంకు పైనే ఉంటుంది కనుక ఈ పంపు ఉండదు.

చప్పుడు పంపుదేనా?

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను పంపు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టి వినండి. కండువా, వదులు చొక్కా ఫ్యానుకు, బెల్టుకు తగలకుండా చూసుకోండి. శబ్దం పంపు దగ్గరే గట్టిగా ఉంటే లివరు స్ప్రింగు విరగడం, లివరు పిన్ను అరగడం, బోల్టులు వదులవడం కారణం కావచ్చు. ముందు బోల్టులు బిగించి చూడండి. శబ్దం పై కవరు దగ్గర ఎక్కువగా ఉంటే టాపెట్లు చూపించాలి. నాజిల్ పైపులను మీరే విప్పవద్దు. అక్కడి నుంచి వేగంగా చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

మార్చే ముందు చూడవలసినవి

1. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం, ఫిల్టరు మూసుకుపోయాయేమో చూడండి. ఇంజన్ పికప్ తగ్గడానికి ఇవీ కారణమే.
2. ఇంజన్ ఆపి, పంపు నుంచి ఫిల్టరుకు వెళ్లే పైపు విప్పి, కింద సీసా పెట్టి లివరు కొట్టండి. ప్రతి దెబ్బకూ డీజిల్ గట్టిగా రావాలి. లివరు బిగువు లేకుండా ఆడితే పంపు పాడైందని అప్పుడే అనుకోవద్దు. ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. డీజిల్‌తో బుడగలు వస్తే ట్యాంకు వైపు పైపులో గాలి చొరబడుతోంది.
3. బండిని సమంగా ఉన్న చోట ఆపి, కొంతసేపటికి డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగినా, డీజిల్ వాసన వచ్చినా డయాఫ్రం చిరిగి ఉండవచ్చు. డీజిల్ కలిసి పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు దెబ్బతింటాయి. ఇంజన్ స్టార్ట్ చేయవద్దు.

పంపు మార్చే విధానం

ఇంజన్ చల్లారాక, దగ్గర్లో బీడీ, నిప్పు లేకుండా పని మొదలుపెట్టండి. పెట్రోలు బండైతే మరీ జాగ్రత్త. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ట్యాంకు కుళాయి కట్టేయండి. పంపు చుట్టూ మట్టి తుడిచి, ఏ పైపు ఎటుదో గుర్తు పెట్టుకొని విప్పండి. 2 బోల్టులను కొంచెం కొంచెంగా, మార్చి మార్చి వదులు చేయండి. పంపు తీశాక రంధ్రంలో శుభ్రమైన గుడ్డ పెట్టి, పాత ప్యాకింగ్ గీకేయండి. పాత పంపును దుకాణానికి తీసుకెళ్లి, లివరు పొడవు, వంపు, పైపు రంధ్రాల దిశ సరిపోల్చుకొని కొనండి. డయాఫ్రం ఒక్కటే పోతే రిపేరు కిట్టు చాలు. పిన్ను రంధ్రం అరిగితే పంపే మార్చాలి.

గుడ్డ తీసేసి, కొత్త ప్యాకింగ్‌తో పంపును అమర్చండి. లివరు క్యామ్ మీద సరిగా ఆనాలి. చేత్తో నొక్కితే పంపు సమంగా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పి చూడండి. బోల్టులతో బలవంతంగా లాగితే లివరు విరుగుతుంది.

పైపులు బిగించి, కుళాయి తెరిచి, ఫిల్టరు మీది గాలి స్క్రూను వదులు చేసి, బుడగలు ఆగేదాకా లివరు కొట్టండి. స్క్రూ బిగించి, పెద్ద పంపు దగ్గరా అలాగే గాలి తీయండి. ఆయిల్‌లో డీజిల్ కలిసి ఉంటే ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాకే, బ్యాటరీ తీగ కలిపి స్టార్ట్ చేయండి. 10 నిమిషాలు నడిపి లీకులు చూడండి. మర్నాడు డిప్‌స్టిక్ మళ్లీ చూడాలి. కొత్త పంపు వేశాక కూడా అదే చప్పుడు వస్తుంటే క్యామ్ అరిగి ఉండవచ్చు. మెకానిక్‌కు చూపించాకే లోడు ఎత్తండి.