జింకల క్షీణరోగం - పాడి రైతులకు పాఠం

1967లో అమెరికాలోని కొలరాడోలో, పరిశోధనకై పెంచుతున్న జింకలు కొన్ని చిక్కి శల్యమై, చొంగ కారుస్తూ చనిపోయాయి. ఇది మెదడు జబ్బు అని 1978లో తేలింది. తరువాత అడవి జింకలలోను కనబడింది. కెనడా, నార్వేలలో కూడా బయటపడింది.

దీనికి కారణం సూక్ష్మజీవి కాదు. 'ప్రియాన్' అనే వికృత మాంసకృత్తు. ఇది మంచి మాంసకృత్తును కూడా తనవలె మార్చి, మెదడును తూట్లు పడిన స్పంజివలె చేస్తుంది. వంట వేడికి నశించదు. లాలాజలం, మూత్రం, పెంటికల ద్వారా నేలలో చేరి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మందు లేదు.

జింక మాంసం వలన మనిషికి సోకినట్లు ఇంతవరకు రుజువు కాలేదు. అయినా, జబ్బు జింక మాంసం తినరాదని అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిస్తున్నది. ఎందుకనగా, బ్రిటన్‌లో 1986లో ఆవులలో గుర్తించిన ఇటువంటి జబ్బే, గొడ్డుమాంసం ద్వారా మనుషులకు సోకినట్లు 1996లో వెల్లడైంది. ఆవులకు అది వ్యాపించినది, దాణాలో కలిపిన మాంసం, ఎముకల పొడి వలననే. పాల ద్వారా సోకినట్లు మాత్రం ఆధారం లేదు.

మన దేశంలో ఈ జబ్బులు నమోదు కాలేదు. ఆ మేలు నిలుపుకోవాలంటే:

1. పశువుల దాణాలో మాంసం, ఎముకల పొడి కలపరాదు. ఊరు పేరు లేని దాణా కొనరాదు.

2. తూలుతూ, బెదురుతూ ఉన్న పశువును వెంటనే పశువైద్యునికి చూపించాలి. అది పిచ్చికుక్క కాటు జబ్బు కూడా కావచ్చు గనుక నోటిలో చేయి పెట్టరాదు.

3. జింకల వేట 1972 చట్టం ప్రకారం నేరం. ఆ మాంసం జోలికి పోరాదు.