వంట గ్యాసు వంటింటికే!

పెట్రోలు ఖర్చు తగ్గుతుందంటే ఏ ఇల్లాలికి ఇష్టముండదు చెప్పండి? అందుకే కొందరు కారుకి ఎల్.పి.జి. కిట్టు బిగించుకుంటున్నారు. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఇందుకు వీలు కల్పించారు. లీటరు గ్యాసుతో కారు నడిచే దూరం పెట్రోలుకన్నా తక్కువే. అయితే ధర తక్కువ కాబట్టి మొత్తంమీద కలిసొస్తుంది.

చిక్కల్లా, వంటకొచ్చిన 14.2 కిలోల సిలిండరుని కారుకి వాడటంతోనే. ఇది నేరం, ప్రాణాపాయం కూడాను. కారు గ్యాసు ట్యాంకుని బండికి గట్టిగా బిగిస్తారు. 80 శాతం నిండగానే వాల్వు మూసుకుంటుంది. ఎండకు గ్యాసు వ్యాకోచించడానికే ఆ ఖాళీ. వంట సిలిండరుకి ఈ ఏర్పాట్లేవీ ఉండవు. పైగా ఈ గ్యాసు గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, నేలబారున పేరుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది.

కనుక ఆమోదం పొందిన కిట్టునే బిగించుకోవాలి. గ్యాసు ఆటో ఎల్.పి.జి. బంకులోనే పట్టించాలి. మార్పుని ఆర్.సి.లో రాయించి, బీమా కంపెనీకీ తెలియజేయాలి. లేకుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం రాకపోవచ్చు.

ఇంట్లో ఎవరైనా "ఆ సిలిండరిటివ్వు, కారుకి పనికొస్తుంది" అంటే, "ఇది పొయ్యికే!" అని ఖచ్చితంగా చెప్పేయండి. మిగిలే నాలుగు డబ్బులకన్నా ఇంటిల్లిపాది క్షేమం ముఖ్యం కదూ!