సలమాంకా: మూతబడిన క్లబ్బు, మిగిలిన అభిమానులు

2024 జనవరిలో ఒక అర్ధరాత్రి. మంచినీళ్ల కోసం లేచి హాల్లోకి వచ్చేసరికి మా అబ్బాయి ఫోను దిండుకు ఆనించి ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నాడు. పడుకోమని కసిరేలోపే, "నాన్నా, ఒక్కసారి ఇటు చూడు. బార్సిలోనా మీద ఊరూ పేరూ లేని క్లబ్బు మొదటి గోలు కొట్టేసింది" అన్నాడు. ఆ క్లబ్బు పేరు ఉనియోనిస్తాస్ దె సలమాంకా.

"పెట్టి ఎన్నేళ్లయింది?" అని అడిగాను.

"పదేళ్లు. అంతకుముందు ఆ ఊళ్లో తొంభై ఏళ్ల క్లబ్బు ఉండేదట. అప్పులపాలై మూసేశారట."

అప్పులు, మూత అనే రెండు మాటలు చెవిన పడగానే నాకు నిద్ర ఎగిరిపోయింది. సర్వీసులో సగం రికవరీ విభాగంలో గడిపినవాణ్ణి. ఆట గురించి నాకు తెలిసింది తక్కువే, దివాలా గురించి కొంచెం ఎక్కువ. ఆ రాత్రి మొదలుపెట్టి, తరువాత సెలవు రోజుల్లో చదివి తెలుసుకున్న సంగతులను మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

చదువుల ఊరు, తెల్ల చొక్కాల జట్టు

సలమాంకా పశ్చిమ స్పెయిన్‌లో, తోర్మెస్ నది ఒడ్డున ఉన్న పాత నగరం. 1218లో స్థాపించిన విశ్వవిద్యాలయం వల్ల దానికి పేరు. స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అదే అన్నిటికంటే పాతది. 2010లో స్పెయిన్‌కు ప్రపంచకప్పు సాధించి పెట్టిన కోచ్ విసెంతె దెల్ బోస్కె పుట్టింది కూడా ఈ ఊళ్లోనే.

ఈ ఊరి క్లబ్బు ఉనియోన్ దెపోర్తివా సలమాంకా 1923లో పుట్టింది. తెల్ల చొక్కా, నల్ల నిక్కరు వాళ్ల యూనిఫారం. 1970లో ఊరి శివార్లలో ఎల్మాంతికో అనే కొత్త స్టేడియం కట్టారు. ఊరి ప్రాచీన నామమే దానికి పెట్టారు. నాలుగేళ్లకు, 1974లో, జట్టు మొట్టమొదటిసారి దేశంలోని అత్యున్నత శ్రేణి అయిన లా లీగాకు చేరింది. మొత్తం మీద 12 సీజన్లు అక్కడ ఆడింది.

ఇక్కడ ఒక చిన్న వివరణ అవసరం. మన ఉద్యోగాల్లో ప్రమోషన్ ఒకసారి వస్తే మళ్లీ పోవడం అరుదు. యూరప్ ఫుట్‌బాల్‌లో అలా కాదు. ప్రతి ఏడాదీ పైశ్రేణిలో అడుగున నిలిచిన జట్లు కిందికి దిగుతాయి, కింది శ్రేణిలో ముందున్నవి పైకెక్కుతాయి. ఎక్కినప్పుడు టీవీ డబ్బు, టిక్కెట్లు, ప్రకటనలు అన్నీ పెరుగుతాయి. దిగినప్పుడు అవన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. కానీ ఆటగాళ్లతో రాసుకున్న ఒప్పందాలు అంత తేలిగ్గా దిగవు. ఆదాయం మెట్లు దిగిపోతుంది, ఖర్చు మాత్రం పైమెట్టు మీదే కూర్చుంటుంది. క్లబ్బుల అప్పులకు ఇదే మూలం. మంచి పంట వచ్చిన ఏడాది చూసి ట్రాక్టరు కొని, కరువు ఏడాది వాయిదాలు కట్టలేకపోయిన రైతు కథ మనకు కొత్త కాదు కదా.

సభ్యుల క్లబ్బు కంపెనీ అయిన వైనం

పూర్వం స్పెయిన్‌లో క్లబ్బులన్నీ సభ్యుల సంఘాలే. ఏటా చందా కట్టేవాళ్లు సభ్యులు, వాళ్లు ఎన్నుకున్నవాళ్లు పాలకవర్గం. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, పాలకవర్గం విచ్చలవిడిగా ఖర్చు పెట్టి పదవి దిగిపోతే ఆ అప్పుకు జవాబు చెప్పే నాథుడు ఉండేవాడు కాదు. 1980లలో అప్పులు కొండలా పెరిగాయి.

అప్పుడు ప్రభుత్వం 1990 క్రీడా చట్టం తెచ్చింది. వృత్తిపరమైన పోటీల్లో ఆడే క్లబ్బులన్నీ వాటా మూలధనంతో క్రీడా కంపెనీలుగా మారాలన్నది. ఖాతాలు ఆరోగ్యంగా ఉన్నాయని మినహాయింపు పొందినవి నాలుగే: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా. ఆ నాలుగూ నేటికీ సభ్యుల క్లబ్బులే. సలమాంకా మిగతావాటి దారిలో కంపెనీ అయింది.

యజమాని ఉంటే బాధ్యత ఉంటుందని చట్టం ఉద్దేశం. సగం నిజమే. కంపెనీలో వాటాదారుడి బాధ్యత అతను పెట్టిన వాటా సొమ్ము వరకే అని మనకు తెలుసు. పైగా ఇదివరకు క్లబ్బు తమది అనుకున్న చందాదారులు ఇప్పుడు టిక్కెట్టు కొనే ఖాతాదారులయ్యారు. ఓటు వాటాలు ఉన్నవాడి దగ్గరకు వెళ్లింది.

గ్యారంటీ పత్రం తెచ్చిన గొడవ

ఆ కాలంలో జరిగిన ఒక సంఘటన మన సోదర బ్యాంకర్లకు ఆసక్తిగా ఉంటుంది. 1995లో 29 ఏళ్ల కోచ్ హువాన్ మా లిల్లో నాయకత్వంలో సలమాంకా మళ్లీ లా లీగా తలుపు తట్టింది. అల్బసెతె జట్టుతో రెండు మ్యాచ్‌ల నిర్ణాయక పోటీ. సొంతగడ్డ మీద 0-2తో ఓడింది. అంతా అయిపోయిందనుకున్న దశలో, అవతలివాళ్ల మైదానంలో 5-0తో గెలిచి పైకెక్కింది.

అదే వేసవిలో సెవిల్లా, సెల్టా అనే రెండు పెద్ద క్లబ్బులు గడువులోగా బ్యాంకు గ్యారంటీ దాఖలు చేయలేదని లీగ్ వాటిని ఏకంగా మూడో శ్రేణికి దింపేసింది. వాటి బదులు, కిందికి దిగాల్సిన అల్బసెతె, వయ్యదోలిద్ జట్లను పైన ఉంచింది. రెండు ఊళ్లలో జనం వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. చివరికి అధికారులు దిగివచ్చి నాలుగు జట్లనూ ఉంచేశారు. 20 జట్ల లీగ్ 22 జట్లదైంది. ఒక గ్యారంటీ కాగితం ఆలస్యమైతే ఏమవుతుందో మనం రోజూ చూస్తూనే ఉంటాం, కానీ దాని కోసం ఊరంతా రోడ్డెక్కడం మాత్రం ఎక్కడా చూసి ఉండం.

సలమాంకా వైభవం చివరిగా వెలిగింది 1997-98 సీజన్‌లో. ఆ ఏడాది ఛాంపియన్‌గా నిలిచిన బార్సిలోనాను రెండుసార్లూ ఓడించింది: సొంతగడ్డ మీద 4-3, బార్సిలోనాలో 4-1. మరుసటి ఏడాదే, 1999లో, కిందికి దిగింది. మళ్లీ పైకి రాలేదు.

2013 జూన్

2011లో సలమాంకా రెండో శ్రేణి నుంచి కూడా జారి మూడో శ్రేణిలో పడింది. క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. స్పెయిన్ కొత్త దివాలా చట్టం 2004లో అమల్లోకి వచ్చింది. మన 2016 దివాలా స్మృతిలాగే దాని మొదటి ప్రయత్నం సంస్థను బతికించడం. రుణదాతలు, సంస్థ ఒక ఒప్పందానికి వస్తే బతుకు, లేకపోతే ఆస్తుల అమ్మకం. ఎందరో స్పెయిన్ క్లబ్బులు మొదటి దారిలో గట్టెక్కాయి. సలమాంకాకు ఆ అదృష్టం దక్కలేదు. 2013 జూన్ 18న, తొంభయ్యవ ఏట, క్లబ్బు రద్దయింది.

స్టేడియానికి విలువ కట్టవచ్చు. బస్సుకు, బల్లలకు, కుర్చీలకు కట్టవచ్చు. కానీ తాత భుజాల మీద కూర్చుని మ్యాచ్ చూసిన ఆదివారాలు ఏ జాబితాలోకి ఎక్కుతాయి? అకౌంటెన్సీలో గుడ్‌విల్ అనే పద్దు ఉంది. సంస్థ మూతబడిన రోజున మనం మొదట సున్నా చేసేది దాన్నే.

ఇద్దరు వారసులు

ఇంతవరకు ఎన్నో సంస్థల్లో జరిగిన కథే. తరువాతిది మాత్రం నన్ను కట్టిపడేసింది.

ఆ వేసవిలోనే కొంతమంది అభిమానులు కూడి ఉనియోనిస్తాస్ దె సలమాంకా అనే కొత్త క్లబ్బు పెట్టారు. నియమం ఒక్కటే: ఒక సభ్యుడికి ఒక ఓటు. వాటాలు లేవు, యజమాని లేడు. మన సహకార సంఘాల సూత్రమే. 2014-15లో జిల్లా స్థాయి పోటీల్లో, అంటే అట్టడుగు మెట్టు మీద ఆట మొదలుపెట్టారు. ఒకప్పుడు బార్సిలోనా మీద నాలుగు గోళ్లు కొట్టిన జట్టును చూసిన కళ్లు, ఇప్పుడు పల్లెటూరి మైదానాల్లో ఆట చూశాయి. నాలుగు సీజన్లలో, 2018 నాటికి, మూడో శ్రేణికి చేరారు.

రెండో వారసుడు కూడా ఉన్నాడు. పాత క్లబ్బు రెండో జట్టు విడిగా నిలబడి, ఒక ప్రైవేటు యాజమాన్యం కింద నడిచి, 2018లో సలమాంకా సి.ఎఫ్. యు.డి.ఎస్. అని పేరు మార్చుకుంది. పాత క్లబ్బు పొడి అక్షరాలు పేరులోనే ఉన్నాయి. ఆడేది ఎల్మాంతికో స్టేడియంలో. ఉనియోనిస్తాస్‌కు మొదట దక్కింది ఆ స్టేడియం పక్కనే ఉన్న పరుగుపందేల మైదానం. 2018-19లో రెండు జట్లూ ఒకే శ్రేణిలో తలపడ్డాయి. ఒకే ఇంటి అన్నదమ్ములు తండ్రి ఫోటో ఎవరి గోడకు ఉండాలని తగవులాడుకున్నట్టు ఊరు రెండుగా చీలింది.

కీర్తి తీసుకుంటే అప్పు ఎవరిది?

ఇక్కడ రికవరీ అధికారిగా నాకొక ప్రశ్న తప్పలేదు. పాత క్లబ్బు మూతబడినప్పుడు బకాయిలు అందనివాళ్లు ఉంటారు. జీతం రావలసిన ఉద్యోగి, సరుకు ఇచ్చిన చిన్న వ్యాపారి, పన్ను రావలసిన ప్రభుత్వం. కొత్త క్లబ్బు చట్టం దృష్టిలో కొత్త వ్యక్తి, పాత అప్పు దానికి అంటదు. మరి అప్పు అంటనప్పుడు 1998 నాటి 4-3 గెలుపు మాత్రం నాది అని ఎలా అంటుంది?

మన ఇళ్లలోనూ ఈ మీమాంస ఉంది. తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మమని పెద్దలనేవారు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ తరువాత చేసిన అప్పుల విషయంలో, కొడుకు అయినంత మాత్రాన కట్టమని ధర్మం పేరుతో అడిగే వీల్లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తి మేరకే వారసుడి బాధ్యత.

ఉనియోనిస్తాస్ ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. మేమే ఆ పాత క్లబ్బు అని వాళ్లు చెప్పుకోలేదు. పాత క్లబ్బు జ్ఞాపకానికి నివాళిగా పుట్టాం అన్నారు. పాత గెలుపులను తమ ఖాతాలో జమ వేసుకోలేదు. ఆస్తి అడగలేదు, కీర్తీ అడగలేదు, ప్రేమను మాత్రం తీసుకుని కింది మెట్టు నుంచి మొదలుపెట్టారు.

2020 జనవరిలో దేశపు కప్పు పోటీలో రియల్ మాడ్రిడ్ వాళ్ల చిన్న మైదానానికి వచ్చింది. 1-3తో ఓడారు. 2024 జనవరిలో లా లీగా జట్టు విల్లారియల్‌తో ఆడుతుండగా మైదానంలో దీపాలు ఆరిపోయాయి. మిగిలిన ఆట మర్నాడు ఆడి పెనాల్టీలలో గెలిచారు. దాని తరువాతదే మా అబ్బాయి చూసిన బార్సిలోనా మ్యాచ్. అదీ 1-3తోనే ముగిసింది. ఓడిన జట్టు కోసం జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టడం నేనూ చూశాను.

ఇత్తడి కప్పులు

చివరిగా ఒక సొంత అనుభవం. చాలా ఏళ్ల కిందట గుంటూరు జిల్లాలో ఒక నూలు మిల్లు మూతబడింది. వేలానికి ముందు ఆస్తుల జాబితా రాయడానికి వెళ్లినవాళ్లలో నేనొకణ్ణి. యంత్రాలు, షెడ్లు, స్థలం అన్నీ అయ్యాక క్యాంటీన్ అలమరలో 11 ఇత్తడి కప్పులు కనిపించాయి. మిల్లు వాలీబాల్ జట్టు గెలుచుకున్నవి. 'ఇతర సామగ్రి' అని రాసి సంఖ్య వేశాను. గేటు దగ్గర ఒక పాత కార్మికుడు, "సార్, ఆ కప్పులు మాకు ఇచ్చేస్తారా?" అని అడిగాడు. జాబితాలోకి ఎక్కినవి ఇవ్వడానికి వీల్లేదన్నాను. అది నిబంధన, నేను చెప్పింది తప్పు కాదు. ఆ కప్పులు తుక్కుతో పాటు తూకానికి పోయాయి.

నిబంధన ప్రకారం వేలంలో వాటిని తూకం ధరకు కొనుక్కోవచ్చని, ఏ రోజు రావాలో, ఎవరికి అర్జీ పెట్టాలో నేను అతనికి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ రోజు నాకు తోచలేదు.

మ్యాచ్ అయ్యాక మా అబ్బాయి అడిగాడు: "మరి ఇది పాత క్లబ్బేనా, కాదా నాన్నా?"

"చట్టం కాదంటుంది" అన్నాను.

"నువ్వేమంటావు?"

"ఫోను ఆపేసి పడుకో" అన్నాను. నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు.