నడుమన ఇంజిన్, చుట్టూ ఎండ: పాత స్పోర్ట్స్ కారు ఎంపిక

మిడ్ ఇంజిన్ కారు అంటే సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు ఇంజిన్ ఉండే కారు. దీని ముందు మూత తెరిస్తే చిన్న సామాను డిక్కీ కనిపిస్తుంది. పోర్షే బాక్‌స్టర్, కేమన్, ఆడి ఆర్8, లంబోర్గిని గల్లార్డో, హురకాన్, ఫెరారీ 458, 488 ఈ కోవకు చెందినవి. 2012లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కనిపించి, తర్వాత అమ్మకానికి వచ్చిన డీసీ అవంతి మన దేశంలోనే తయారైన మిడ్ ఇంజిన్ కారు. సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి దాదాపుగా ఇవే. విదేశాల్లో వాడిన కారును ఇక్కడికి తేవాలంటే అది తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపున ఉండాలి, ముంబై రేవులోనే దిగాలి, భారీ సుంకం కట్టాలి. అందుకే 1984 నుంచి 2007 వరకు తయారైన టొయోటా ఎంఆర్2 వంటి చవకైన పాత కార్లు మన సంతకు రాలేదు.

మనకు దగ్గర్లో ఈ కార్లు ఎక్కువగా చేతులు మారేది హైదరాబాద్, బెంగళూరుల్లో. ఆ రెండు నగరాలనూ కలిపే 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా పోతుంది. వెడల్పైన, నునుపైన ఆ దారి ఇలాంటి కార్లకు అనువైనదే. దాని చుట్టూ ఉన్న ఎండ, దుమ్ము, ఉప్పునీళ్లు మాత్రం వాటికి పడవు. కాబట్టి అనంతపురం పీఠభూమి మీద తిరగబోయే కారును ఎంచుకునేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న ప్రశ్న కంటే, అందులో పుట్టే వేడి బయటికి పోయే దారి ఎంత శుభ్రంగా ఉందన్న ప్రశ్న ముఖ్యం.

ఇంజిన్‌ను నడుమన పెట్టడానికి కారణం మలుపు. బరువైన వస్తువు తిరుగుడు కేంద్రానికి ఎంత దూరంగా ఉంటే దాన్ని తిప్పడం, తిరిగేదాన్ని ఆపడం అంత కష్టం. రెండు కొసలకు నీళ్లబిందెలు వేలాడే కావడితో గిర్రున తిరగడం ఎంత కష్టమో, అవే బిందెలను ఒంటికి హత్తుకుని తిరగడం ఎంత తేలికో మోసినవాళ్లకు తెలుసు. ఈ జడత్వం దూరం వర్గాన్ని బట్టి మారుతుంది. 150 కిలోల ఇంజిన్ కారు గురుత్వ కేంద్రానికి 1.2 మీటర్ల దూరంలో ఉంటే ఆ విలువ 216. అదే ఇంజిన్‌ను 0.6 మీటర్లకు జరిపితే 54, అంటే నాలుగో వంతు. స్టీరింగ్ కాస్త తిప్పగానే కారు మాట వినడం వెనక ఉన్న లెక్క ఇదే. 1959లో జాక్ బ్రాభమ్ కూపర్ కారుతో ఫార్ములా వన్ ప్రపంచ టైటిల్ గెలిచాక, కొద్ది ఏళ్లలోనే ఆ పోటీల్లో ముందు ఇంజిన్ కార్లు కనుమరుగయ్యాయి.

ఈ సుగుణానికి ఒక ప్రమాదకరమైన పార్శ్వం ఉంది. సులువుగా తిరగడం మొదలుపెట్టే కారు అంతే సులువుగా అదుపు తప్పి గిరగిరా తిరుగుతుంది కూడా. వేగంగా మలుపు తిరుగుతూ భయంతో ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక టైర్ల మీద ఒత్తిడి తగ్గుతుంది, వెనక భాగం పక్కకు జారుతుంది. నెలల తరబడి చినుకు లేని రోడ్డు మీద నూనె, దుమ్ము పేరుకుని ఉంటాయి; తొలి వాన పడగానే ఆ పొర బురదలా జారుతుంది. అనంతపురంలో ఇలాంటి తొలి వానలు ఏడాదిలో ఒకటికి మించే ఉంటాయి, ఎందుకంటే వానకు వానకు మధ్య ఎడం ఎక్కువ. అందుకే ఈ కార్లలో టైరు వయసు చూడటం తప్పనిసరి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కారుకు గాట్లు నిండుగా ఉండి, రబ్బరు మాత్రం ఎండకు గట్టిపడిన టైర్లుండటం మామూలే. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కాకపోతే బేరం అక్కడే ఆపి కారణం అడగాలి.

ఇక వేడి సంగతి. పెట్రోలులోని శక్తిలో మహా అయితే మూడో వంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మిగిలినదంతా వేడిగా పొగగొట్టంలోంచి, కూలెంట్ ద్వారా బయటికి పోవాలి. ముందు ఇంజిన్ కారులో రేడియేటర్ ఇంజిన్ ముందే ఉంటుంది, ఎదురుగాలి రెండింటికీ తగులుతుంది. మిడ్ ఇంజిన్ కారులో ఇంజిన్ మూసిన గదిలో ఉంటుంది. రేడియేటర్లు చాలా మోడళ్లలో కారు ముందు భాగంలో ఉంటాయి. వాటి మధ్య కూలెంట్ కారు పొడవునా అడుగున పాకే పైపుల్లో వెళ్లి రావాలి. ఆ దారిలో ఎక్కడ గాలి బుడగ చిక్కినా, ఏ జాయింటు కారినా ఇంజిన్‌కు ముప్పే. కూలెంట్ మార్చినప్పుడు గాలిని పూర్తిగా తీయడం తెలియని మెకానిక్ చేతిలో పడిన కారు ఆ తర్వాత నెలల పాటు ఇబ్బంది పెడుతుంది.

రెండు వైపులా కనుమల వాననీడలో ఉన్న అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతం తక్కువ. అంటే సిలిండర్లోకి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది, రేడియేటర్ నుంచి వేడిని మోసుకుపోయే గాలి కూడా తగ్గుతుంది. 2016లో వచ్చిన 718 బాక్‌స్టర్, కేమన్‌ల వంటి టర్బో కార్లలో టర్బో నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పని కూడా ఇక్కడ కష్టమవుతుంది.

అనంతపురం నీళ్లంటే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మనుషుల ఎముకలకు అది శాపమే. రేడియేటర్‌కు మాత్రం ఎక్కువ హాని చేసేది బోరు నీటి కాఠిన్యం. దారిలో ఇంజిన్ వేడెక్కిందని పక్కనున్న బోరు నీళ్లు పోస్తే అందులోని కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా మారి, అన్నిటికంటే వేడిగా ఉన్న చోటే, అంటే సిలిండర్ హెడ్ లోపల, తెల్లగా పేరుకుంటుంది. ఆ పొర అల్యూమినియం కంటే సుమారు వంద రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. నీటిలోని క్లోరైడ్ అల్యూమినియంకు చిన్న చిన్న గుంటలు పెడుతుంది. సరైన కూలెంట్ అంటే గ్లైకాల్, శుద్ధమైన నీరు సగం సగం. మామూలు పీడనం దగ్గరే అది సుమారు 107 డిగ్రీలకు గానీ మరగదు, మూత బిగించిన వ్యవస్థలో 120 దాటినా మరగదు. నీరు గడ్డకట్టని సీమలో గ్లైకాల్ ఎందుకన్నది తరచూ వినపడే మాట. అది మరుగు స్థానాన్ని పెంచడానికి, అందులో కలిపిన రసాయనాలు లోహాన్ని తుప్పు తినకుండా కాపాడటానికి.

కాబట్టి చల్లగా ఉన్న కారు కూలెంట్ ట్యాంకు మూత తీసి చూడాలి. రంగు స్వచ్ఛంగా ఉండాలి. తుప్పు రంగు, తెల్లటి చారలు, నూనె తేలడం, ఇవేవీ మంచి గుర్తులు కావు. తర్వాత కారును లిఫ్ట్ మీదికి ఎత్తించి అడుగు పైపుల వెంట టార్చి వేసి చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఊళ్లలో జనం తామే పోసుకున్నవి ఆ కొలతల్లో ఉండవు, నిటారుగా ఉంటాయి. ఎత్తు తక్కువైన కారుకు అవి ఎక్కడ తగిలాయో అడుగు భాగమే చెబుతుంది.

దుమ్ము ఇంకో పరీక్ష. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ పీఠభూమికి వాన తక్కువ, గాలి ఎక్కువ. రామగిరి కొండల మీద గాలిమరలు వెలిసింది అందుకే. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో వేదవతి ఒడ్డు ఇసుక పొలాల మీదికి జరుగుతూ ఉంటుంది. ఈ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. కాఠిన్యంలో వాటిది మోస్ కొలమానం మీద 7, ఇంజిన్‌లోని మామూలు ఉక్కు కంటే ఎక్కువ. మిడ్ ఇంజిన్ కార్లు గాలిని సాధారణంగా పక్కనున్న కిటికీల వంటి రంధ్రాల గుండా పీల్చుకుంటాయి. ఎయిర్ ఫిల్టర్ దాటిన తర్వాతి గొట్టంలో తెల్ల గుడ్డతో తుడిచి చూస్తే దుమ్ము అంటకూడదు. అంటితే ఫిల్టర్ సరిగా కూర్చోలేదని, పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చని అర్థం. అలాంటప్పుడు ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపి సిలికాన్ ఎంత ఉందో చూపించుకోవడం పెట్టే ఖర్చుకు తగిన పనే. బాక్‌స్టర్‌లో ముందు బంపర్ రంధ్రాల వెనకే ఏసీ కండెన్సర్లు, రేడియేటర్లు ఉంటాయి. ఆకులు, మట్టి వాటి మధ్య చిక్కి, తేమ పట్టి, లోహాన్ని తినేస్తాయి. బంపర్ విప్పి శుభ్రం చేసిన రసీదు సర్వీసు పుస్తకంలో ఉంటే ఆ యజమాని శ్రద్ధ మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

పల్లె దారుల్లో ఇంకొక ప్రమాదం పొంచి ఉంటుంది. పంట కోతలప్పుడు ఉలవ కట్టె, రాగి, కంది రోడ్డు మీద పరిచి వాహనాల చక్రాలతో నూర్పిడి చేయించుకోవడం ఈ సీమలో ఉంది. కళ్లాలు లేని రైతుకు వేరే దారి తక్కువ. ఎండిన కట్టె కింది భాగంలో చుట్టుకుని, వందల డిగ్రీల వేడిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు తగిలితే అంటుకుంటుంది. నేలకు దగ్గరగా ఉండే కారుకు ఈ ముప్పు మరీ ఎక్కువ. లిఫ్ట్ మీద ఉన్నప్పుడు వేడి కవచపు రేకులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. పాత కార్లలో మోత వస్తోందని వాటిని పీకేస్తుంటారు.

మోడల్‌ను బట్టి చూడాల్సినవి మరికొన్ని. 1996లో మొదలైన బాక్‌స్టర్, ఆ తర్వాతి తొలి కేమన్‌ల ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ గొలుసులను నడిపే ఇంటర్మీడియట్ షాఫ్ట్ ఉంటుంది. దాని బేరింగు విరిగితే కవాటాలు పిస్టన్లను ఢీకొని ఇంజిన్ మొత్తం పోతుంది. 2009 మోడల్ నుంచి వచ్చిన ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు. ధరలో కొంత తేడా ఉన్నా 2009 లేదా ఆ తర్వాతి మోడలే మేలు. అంతకు ముందుది తీసుకుంటే బేరింగు బాగున్నట్టు రుజువు కావాలి, ఆయిల్ ఫిల్టర్‌ను కోసి లోహపు పొడి ఉందేమో చూడాలి. గల్లార్డోలోని ఒంటి క్లచ్ ఆటోమేటిక్ గేరుబాక్సు నగరపు ట్రాఫిక్‌లో క్లచ్‌ను తొందరగా తినేస్తుంది. ఎంత మిగిలిందో షోరూం కంప్యూటర్ చెప్పగలదు. హురకాన్‌లోని జంట క్లచ్ ఈ విషయంలో మెరుగు.

కారు నడపకుండా కొనకూడదు, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే నడిపీ కొనకూడదు. మధ్యాహ్నం ఎండలో అరగంట హైవే మీద, తర్వాత అనంతపురం టవర్ క్లాక్ వంటి రద్దీలో పావుగంట నడిపి, ఏసీ వేసి ఉంచే ఉష్ణోగ్రత ముల్లు చూడాలి. ఫ్యాన్లు తిరగడం మొదలయ్యాక ముల్లు వెనక్కి రావాలి. ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయాలి. మూసిన ఇంజిన్ గదిలో ఉష్ణోగ్రత అత్యధికంగా పెరిగేది ఆ పది నిమిషాల్లోనే; బలహీనమైన పంపు, సెన్సరు, గట్టిపడిన హోస్ అప్పుడే బయటపడతాయి. తియ్యటి వాసన వస్తే కూలెంట్ కారుతోందని అర్థం.

షెడ్డులో ఏళ్లుగా కదలని కారును తక్కువ కిలోమీటర్లని మెచ్చుకోవడం పొరపాటు. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లన్నీ ఈ మిశ్రమాన్ని తట్టుకునే రబ్బరుతో వచ్చినవి కావు కనుక పెట్రోలు పైపుల పరిస్థితి విడిగా చూపించుకోవాలి.

మరమ్మతు చేసేవారెవరన్నది ధర కంటే ముందు తేల్చుకోవాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో ఏర్పడింది. అయితే అక్కడ తయారయ్యే పెట్రోలు, డీజిల్ కార్లన్నిటికీ ఇంజిన్ ముందే ఉంటుంది, చుట్టుపక్కల మెకానిక్కుల అనుభవమూ వాటితోనే. నడుమన ఇంజిన్ ఉన్న వాహనం అంటే ఈ ప్రాంతంలో ఎక్కువమందికి తెలిసింది ముందు సీటు ఎత్తితే ఇంజిన్ కనబడే మారుతి ఓమ్ని. స్పోర్ట్స్ కారులో చిన్న పనికి కూడా ఇంజిన్‌ను కిందికి దించాల్సి రావచ్చు, అప్పుడు విడిభాగం కంటే కూలీయే ఎక్కువవుతుంది. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు. ఆగిపోయిన కారును తాడు కట్టి లాగకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకెళ్లే ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి.

చివరిగా కాగితాలు. కర్ణాటక లేదా తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్న కారైతే అక్కడి ఆర్టీవో నుంచి 28వ ఫారం మీద ఎన్‌ఓసీ, అమ్మకానికి 29, 30 ఫారాలు, అప్పు తీరి ఉంటే 35వ ఫారం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. కోటి రూపాయల కారుకు అది చిన్న మొత్తం కాదు. ఆర్‌సీలోని చాసిస్ నంబరును కారు మీద చెక్కినదానితో, షోరూం సర్వీసు రికార్డుతో అంకె అంకె పోల్చాలి. బీమా కంపెనీ దగ్గర పాత క్లెయిముల వివరం అడగాలి. బయానా ఇవ్వడానికి ముందే ఆ బ్రాండు సర్వీసు కేంద్రంలో పూర్తి తనిఖీ చేయించాలి. దానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ కారును వదిలేసి ఇంకొకటి చూసుకోవడం మేలు.