సీసాలోని అరటి మొక్కలో దాగిన అతిథులు

మన ఐ.పోలవరం వైపు అరటి వేయాలంటే తాతలనాటి పద్ధతి ఒకటే: తల్లిచెట్టు పక్కన మొలిచిన పిలకను తవ్వి తెచ్చి పాతడం. ఇప్పుడు కొందరు రైతులు ప్లాస్టిక్ సంచుల్లో పెరిగిన చిన్న మొక్కలను కొని తెస్తున్నారు. ఇవే టిష్యూ కల్చర్ మొక్కలు. అంటే ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచినవి.

ఎలా పెంచుతారు? మంచి పిలకను ఎన్నుకొని, పొరలన్నీ ఒలిచి, నడుమనున్న మొగ్గను తీస్తారు. క్లోరిన్ ద్రావణంలో కడిగి, గాజుసీసాలోని ఆహారంపై ఉంచుతారు. అందులో పంచదార, లవణాలు, విటమిన్లు, హార్మోన్లు ఉంటాయి. గట్టిపడటానికి సముద్రపు నాచు నుంచి తీసిన అగార్ కలుపుతారు. మొగ్గ పక్కన పిల్లమొగ్గలు పుడతాయి. వాటిని విడదీసి వేరే సీసాల్లో పెడతారు. ఇలా మళ్ళీ మళ్ళీ చేస్తే ఒక్క పిలక నుంచి వందల మొక్కలు వస్తాయి.

చిక్కు ఇక్కడే ఉంది. నెలల తరబడి నిర్మలంగా ఉన్న సీసాలో ఒకనాడు మొక్క మొదట్లో పాలవంటి తెల్లని పొర కనిపిస్తుంది. అది బాక్టీరియా! బయటి నుంచి వచ్చిందా? ఒక్కొక్కప్పుడు అంతే. కాని చాలాసార్లు అది మొదటినుంచీ మొక్క లోపలే, కణాల మధ్య సందుల్లో ఉన్నదే. మామిడికాయను ఎంత కడిగినా టెంకలోని పురుగు పోతుందా? ఇదీ అంతే. ఇలా మొక్కల లోపల కాపురముండే సూక్ష్మజీవులను ఎండోఫైట్లు అంటారు.

వీటిని పట్టుకునేదెలా? మొక్క ముక్కను బాక్టీరియాకు ఇష్టమైన ఆహారంపై రుద్ది చూస్తారు. పెరిగితే ఆ సీసాను పారవేస్తారు. కాని కొన్ని అక్కడా పెరగవు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థకు చెందిన పియస్ థామస్, ఆయన సహచరులు 2008లో ఈ సంగతి ప్రకటించారు. ఆ పరీక్షలో నెగ్గిన అరటి మొగ్గల్లోనూ బాక్టీరియా దాగి ఉన్నట్లు డి.ఎన్.ఎ. పరీక్షలు చూపాయి.

అయితే ఇవన్నీ శత్రువులేనా? కాదు. 1988లో బ్రెజిల్‌లో జొహానా డోబెరైనర్, ఆమె సహ పరిశోధకులొకరు చెరకు లోపల ఒక బాక్టీరియాను వర్ణించారు. అది గాలిలోని నత్రజనిని స్థిరీకరించగలదు! చేలో మేలుచేసే అతిథి కూడా, పంచదార నిండిన సీసాలో మితిమీరి పెరిగితే మొక్కను అణచివేయవచ్చు.

కనుక నిర్మలంగా కనిపించడం వేరు, లోపల ఏమీ లేకపోవడం వేరు. ఒక్క పిలకలోని తెగులు వందల మొక్కలకు పాకితే రైతు ఏడాది కష్టం నీటిపాలే. అందుకే టిష్యూ కల్చర్ మొక్కలకు వైరస్ పరీక్షలు చేసి ధ్రువపత్రమిచ్చే జాతీయ పద్ధతిని మన దేశం 2006లో ప్రవేశపెట్టింది. మీ నాన్నగారు అరటి మొక్కలు కొనబోయేటప్పుడు, ఆ పత్రం ఉందేమో అడగమని మీరే గుర్తుచేయండి.