పొరుగింటి కుక్క మన వంటింట్లోకి ఎందుకొస్తుంది?

నరసరావుపేట సందుల్లో తిరిగితే అక్కడక్కడా గేట్లకు నీలం నీళ్ళ సీసాలు వేలాడుతూ కనిపిస్తాయి. తాగి పడేసిన కూల్‌డ్రింక్ సీసాలో నీళ్ళు పోసి, నాలుగు చుక్కలు ఉజాలా కలిపి, పురికొసతో కడతారు. కొందరు కుంకుమ కలిపి ఎర్రనీళ్ళు చేస్తారు. ఆ రంగు చూస్తే కుక్క గడప తొక్కదని నమ్మకం. మాచర్లలోనూ గురజాలలోనూ ఇదే నమ్మకం, ఆ మాటకొస్తే తెలుగు ఊళ్ళన్నిటా ఉన్నదే. జపానులో పిల్లులు రాకుండా ఇళ్ళ ముందు నీళ్ళ సీసాలు వరసగా పేరుస్తారు. వాళ్ళు రంగు కలపరు, అంతే తేడా.

కుక్క కంటికి ఏ రంగులు తెలుస్తాయో 1989లోనే తేలింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జే నీట్జ్, జెరాల్డ్ జేకబ్స్ బృందం పరీక్షించి చూస్తే, రంగును పట్టే కణాలు మనకు మూడు రకాలుంటే కుక్కకు రెండే ఉన్నాయి. నీలం, పసుపు దానికి బాగానే తెలుస్తాయి. ఎరుపు మాత్రం మసకబారి మట్టిరంగుల్లో కలిసిపోతుంది. అంటే కుంకుమ నీళ్ళు కట్టినవాళ్ళ శ్రమ మొదటికే దండగ. నీలం కట్టినవాళ్ళకూ పెద్దగా ఒరిగేదేమీ లేదు. నీలం కనిపిస్తుంది కానీ, నీలానికి భయపడాల్సిన అవసరం కుక్కకు లేదు. కొత్త వస్తువు వేలాడుతోందని నాలుగు రోజులు జంకుతుంది. దానివల్ల దెబ్బా లేదు, నొప్పీ లేదని తెలిశాక ఆ సీసా కిందే పడుకుంటుంది.

ఊరకుక్కల బెడద వేరే సంగతి, అది మున్సిపాలిటీ, పంచాయతీ చూడాల్సిన పని. ఇప్పుడు చెప్పుకునేది పక్కింటివాళ్ళు పేరు పెట్టి, పాలు పోసి పెంచుకుంటూ, పొద్దున్నే గేటు తీసి ఊరి మీదికి వదిలేసే కుక్క గురించి. అది మన వసారాలోకి వస్తుంది, వంటింట్లోకి వస్తుంది, మంచమెక్కుతుంది. యజమానిని అడిగితే "మా టామీ ఏమీ అనదండీ" అంటాడు.

అది ఎందుకొస్తుందో తెలుసుకోకుండా ఆపడం కుదరదు. మొదటి కారణం ముక్కు. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటే, కుక్కకు జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం మనింట్లో నాటుకోడి ఉడుకుతుంటే ఆ కబురు దానికి వీధి చివరే అందుతుంది. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేసింది. చెత్తకుప్పలో వెతికే కుక్క మాంసం వాసన ఉన్నదాన్ని ముందు అందుకుంటుందని, అందులో నిజంగా మాంసం ఎంతుందన్నది తర్వాతి సంగతని గమనించింది. మాంసం దొరక్కపోతే అన్నమైనా సరే. తోడేలుకు పిండిపదార్థం సరిగా అరగదు. కుక్కకు అరుగుతుంది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో దీనికి జన్యు కారణం చూపించారు. పిండిని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో 2 నకళ్ళుంటే కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉంది. వేల ఏళ్ళు మనిషి ఎంగిలి తిని బతికిన జంతువుకు అబ్బిన వరం అది. అంట్ల గిన్నెలో మిగిలిన పప్పన్నం కోసం టామీ రావడం వెనక ఇంత చరిత్ర ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత కుక్కకు మనకంటే బాగా తెలుసు.

రెండో కారణం పల్నాడుకు ప్రత్యేకం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా వార్తలకెక్కుతాయి. కుక్క ఒళ్ళు మామూలుగానే 38 డిగ్రీల పైన ఉంటుంది. మనలా దానికి ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే కొద్దిగా పడుతుంది. నాలుక చాపి వగరుస్తూ తడి ఆవిరి చేసుకోవడమే దాని ప్రధాన ఉపాయం. బయట గాలి 44 డిగ్రీలున్నప్పుడు గాలి దాన్ని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు దానికి మిగిలిన దారి చల్లటి నేలకు పొట్ట ఆనించి పడుకోవడం. పొట్ట మీద బొచ్చు పలచన, అక్కడి నుంచి వేడి త్వరగా దిగుతుంది. మన ఇళ్ళలో పరిచినవి నాపరాళ్ళు. రాత్రి చల్లబడి, పగలు నీడలో ఉండే నాపరాయి గాలికంటే చాలా చల్లగా ఉంటుంది, ఒంటిలోని వేడిని చెక్క కంటే, ఎండుమట్టి కంటే వేగంగా లాక్కుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మన మధ్య గదిలో పొట్ట ఆనించి పడుకున్న కుక్క దొంగతనానికి రాలేదు, ప్రాణం కాపాడుకోవడానికి వచ్చింది. యజమాని తన పెరట్లో చెట్టు కిందో, రేకుల నీడన కాక గోడ నీడనో ఒక తొట్టెడు నీళ్ళు, రెండు తడిపిన గోనెసంచులు ఏర్పాటు చేస్తే వేసవి రాకపోకలు చాలావరకు తగ్గుతాయి. ఈ పని అతనిది, మనది కాదు. కానీ అతనికి చెప్పాల్సింది మనమే.

మూడోది ప్రేమ. అనిందితా భద్ర బృందమే 2017లో ఇంకో సంగతి ప్రకటించింది. కొత్త మనిషి పదేపదే కలిసినప్పుడు వీధి కుక్క నమ్మకం పెంచుకునేది తిండి పెట్టినందుకు కంటే తల నిమిరినందుకే ఎక్కువట. మనింట్లో పెద్దాయన కర్ర తీసుకొని తరుముతుంటాడు, మనవడు చాటుగా మెడ నిమురుతుంటాడు. కుక్క మనవడి లెక్కే చూసుకుంటుంది.

ఈ మూడూ కలిసి కుక్కకు మన ఇల్లు అలవాటు చేస్తాయి. ఆ అలవాటు ఎంత గట్టిదన్నది మనం ఎంత పెడతామన్న దాని మీద కాదు, ఎంత అనిశ్చితంగా పెడతామన్న దాని మీద ఆధారపడుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ కలిసి 1957లో దీని మీద ఒక పెద్ద పుస్తకమే వేశారు. పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో వాళ్ళు చూసిందేమిటంటే, మీట నొక్కిన ప్రతిసారీ గింజ దొరికిన జంతువు, గింజలు ఆగిపోగానే త్వరగా మానుకుంటుంది. ఎప్పుడో ఒకసారి, ఏ లెక్కా లేకుండా దొరికిన జంతువు మాత్రం వందలసార్లు నొక్కుతూనే ఉంటుంది. పేకాట దగ్గర కూర్చున్నవాణ్ణి లేవదీయడం ఎందుకు కష్టమో ఇందులో తెలుస్తుంది. నాలుగు రోజులు తరిమి, ఐదో రోజు "పాపం" అని ఎముక ముక్క విసిరిన ఇల్లు, రోజూ పెట్టే ఇంటికంటే కుక్కను ఎక్కువ బిగించి పట్టుకుంటుంది. మనమే దానికి పట్టుదల నేర్పుతున్నాం.

ఇక ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద నిలబడి పెట్టడం మానేశామనుకోండి. వెంటనే తగ్గదు, మొదట పెరుగుతుంది. గేటు గీకుతుంది, మూలుగుతుంది, ఇదివరకు రాని వేళల్లో కూడా వస్తుంది. పాత ఫలం ఆగినప్పుడు జంతువు ఇంకా గట్టిగా ప్రయత్నించడం ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు చూసిన విషయమే. ఇక్కడే చాలామంది ఓడిపోతారు. గోల భరించలేక ఒక ముద్ద వేస్తారు. దాంతో గోల చేస్తే పని జరుగుతుందని కుక్క నేర్చుకుంటుంది. ఆ కొద్ది రోజులు ఓర్చుకుంటే రాకపోకలు సన్నగిల్లుతాయి. అంట్లు పెరట్లో రాత్రంతా వదలకూడదు, చెత్తబుట్టకు మూత ఉండాలి, వంటింటికి జాలీ తలుపు పెట్టుకోవాలి, కోళ్ళ గంప మీద రాయి పెట్టాలి. గుమ్మం పక్కన మూత్రం పోసి ఉంటే ఒట్టి నీళ్ళతో కడిగితే మన ముక్కుకే వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. సబ్బు నీళ్ళతో రుద్ది కడిగి ఎండనివ్వాలి.

కొట్టడం సంగతి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో కుక్కల యజమానులనే అడిగి చూశారు. కొట్టిన, తన్నిన వాళ్ళలో 43 శాతం మందికి కుక్క ఎదురు తిరిగింది. సొంత యజమాని మీదే తిరగబడితే పక్కింటివాళ్ళను వదులుతుందా? పైగా దెబ్బ తిన్న కుక్క మనం ఉన్నప్పుడు రాకూడదని మాత్రమే నేర్చుకుంటుంది, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. గుమ్మం ముందు కారం చల్లడం కొందరు చేస్తుంటారు. మిరపకు పేరుపడ్డ ప్రాంతం కాబట్టి కారానికి కొదవ లేదు గానీ, గాలి మళ్ళితే అది మన పసివాళ్ళ కళ్ళలోనే పడుతుంది. కుక్కకైనా అది హింసే.

కుక్క లోపల ఉండగా తలుపు మూసి కర్ర తీయడం అన్నిటికంటే ప్రమాదం. పారిపోయే దారి లేని కుక్క కరుస్తుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడకుండా పక్కకు జరగండి, వాకిలి బార్లా తెరిచి ఉంచండి, కుర్చీనో చేటనో మీకూ దానికీ మధ్య పెట్టుకోండి, కళ్ళలోకి సూటిగా చూడకుండా గట్టిగా ఒక్క మాటతో వెళ్ళగొట్టండి. పరుగెత్తొద్దు, పరుగెత్తేదాని వెంట పడడం దాని రక్తంలోనే ఉంది. నోట్లో ఉన్నది లాక్కోవద్దు. ఒళ్ళు కర్రలా బిగుసుకుని, తోక నిలబెట్టి, పళ్ళు చూపిస్తుంటే అది ఆఖరి హెచ్చరిక. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి కరిపించుకున్నవాళ్ళకు లోటు లేదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఆహారం అందించడానికి వెళ్ళిన యువకుడొకరు, ఆ ఇంటి పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి దూకి చనిపోయాడు. ఆ మనిషికి భయం మాత్రమే చాలింది. 2024 మేలో తాండూరులో, మన దాచేపల్లి వైపు లాగే నాపరాయి పాలిషింగ్ యూనిట్లున్న ఊళ్ళో, ఇంట్లోకి వచ్చిన కుక్క 5 నెలల పసికందు ప్రాణం తీసింది. పసిబిడ్డ ఉన్న గది తలుపు తీసి పెట్టి పక్క గదిలోకి కూడా వెళ్ళకూడదు, ఎంత మచ్చికైన కుక్కైనా సరే.

పన్ను గాటు పడిందా, ముందు కుళాయి దగ్గరికి వెళ్ళండి. సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. సున్నం, కారం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. పిడుగురాళ్ళ సున్నం గోడలకు పనికొస్తుంది, గాయాలకు కాదు. బొడ్డు చుట్టూ 14 సూదుల భయం ఇంకా మన పెద్దవాళ్ళలో ఉంది, ఆ పాత టీకా మన దేశంలో ఆగిపోయి 20 ఏళ్ళు దాటుతోంది. ఇప్పుడు చేతి చర్మంలోకి, కరిచిన రోజున, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. రక్తం కారిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి, అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేకపోతే పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే. కుక్కను 10 రోజులు కనిపెట్టి చూడమనడం నిజమే, కానీ టీకా మొదలుపెట్టకుండా చూస్తూ కూర్చోమని దాని అర్థం కాదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. భారత వైద్య పరిశోధన మండలి అంచనాలో మన దేశంలో ఏటా 5,700 మందికి పైగా దీనితో చనిపోతున్నారు.

చట్టం మన వైపే ఉంది, దాన్ని చివరికి వాడుకోవాలి. పెంచుకున్న జంతువు వల్ల మనిషికి హాని జరగకుండా జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని యజమానిని ఆదేశించే అధికారం నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు, ప్రత్యేకంగా అధికారం పొందిన ఇతర కార్యనిర్వాహక మేజిస్ట్రేట్లకు ఉంది. నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి మూడుచోట్లా ఆర్డీవో కార్యాలయాలున్నాయి. అలాగని ఎవరైనా అన్నంలో విషం కలిపితే 325వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా జైలు, తప్పు మొదట ఎవరిదైనా సరే.

కోర్టుకు ముందు అరుగు మీద మాట ఉంది. కోడిపందెంతో మొదలై కారంపూడి దాకా నడిచిన పల్నాటి యుద్ధకథ చెప్పుకునే నేల ఇది, జంతువు మీద మొదలైన మాట మనుషుల మీదికి మళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. కోపం మీదున్న పూట వెళ్ళొద్దు. కుక్క వచ్చినప్పుడల్లా ఫోన్లో ఫొటో తీసి, వేళ రాసిపెట్టుకొని, "అన్నా, మావాడు చిన్నోడు, పగలు గేటు వేసి ఉంచు" అని అడగండి. పగలంతా గుంజకు కట్టేసి ఉంచితే కుక్క చిరాకుపడి మరింత మొండికేస్తుంది, కాబట్టి "కట్టెయ్" అని ఊరుకోకుండా నీడ, నీళ్ళు, వేళకు తిండి, పొద్దునా సాయంత్రం బెల్టుతో నడక అని చెప్పండి. మగ కుక్కకు ఆపరేషన్ చేయిస్తే తిరుగుడు చాలావరకు తగ్గుతుందని కూడా చెప్పండి. అతను వినకపోతే తప్పు కుక్కది కాదు, అతనిదే.

లూయీ పాశ్చర్ 1885 జూలై 6న రేబిస్ టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి వేశాడు. ఆ తేదీ గుర్తుగా ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. ఈసారి ఆ రోజున మీ పక్కింటాయనను, టామీని వెంటబెట్టుకొని వెళ్ళండి.