ఇంటి చదువులో గడ్డుదినం

కన్నబిడ్డకు ఇంటివద్ద చదువు చెప్పటం బడిలో నలభైమందికి చెప్పటంకంటె కష్టం. బడిలో గంట కొట్టగానే పాఠం ముగుస్తుంది. ఇంటిలో ఆ గంట లేదు. పొయ్యిమీద అన్నం, ఉయ్యాలలో చంటిబిడ్డ, ఎదుట పలక పారవేసి మొండికెత్తిన పెద్దవాడు, అన్నీ ఒక్కసారే మీదపడతాయి. అటువంటి దినాన ‘ఇది నావల్ల కాదు’ అని పుస్తకం మూసిన తల్లులెందరో కలరు.

ఉద్దానంవారికి ఈ అనుభవం కొత్తది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. పల్లెలు రోజులతరబడి చీకటిలో మునిగినవి. 2020 మార్చిలో కరోనా మూలంగా బడులు మూతపడినవి. రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతులు తిరిగి తెరచినది నవంబరు 2న. దూరదర్శన్ పాఠాలు ప్రసారం చేసినా, విన్నదానిని బిడ్డకు విప్పిచెప్పే బరువు టెక్కలిలోని చిరుద్యోగిమీద, పలాసలో జీడిపప్పు వలిచే తల్లిమీద పడినది. జబ్బువల్లనో వలసవల్లనో ఇంటనే చదువవలసిన బిడ్డలు నేటికీ ఉన్నారు.

ఇట్టివారికి ధైర్యం చెప్పగల పెద్ద ఈ జిల్లాలోనే పుట్టినారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం చేరువనున్న పర్వతాలపేటలో జన్మించినారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, కొలువు చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులైనారు. ముఖలింగ దేవాలయంలోని శాసనాల లిపిని స్వయంకృషితో నేర్చినారు. సవరభాష నేర్వదలచినప్పుడు ఆయనకు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. ఆ భాష తెలిసినవారిని చేరదీసి మాట మాటగా కూర్చుకొన్నారు. సొంత సొమ్ముతో సవర పిల్లలకు చదువు చెప్పించినారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దంలో మొదలైన ఆ కృషికి ఫలంగా సవరభాషా వ్యాకరణం 1931లోగాని వెలువడలేదు. అంత కాలంలో ప్రతి దినమూ ఫలవంతమై ఉండునా?

తల్లిదండ్రులు గ్రహించవలసినది ఇదే. చదువును ఒక దినపు లెక్కతో కొలవరాదు. గడ్డుదినాన పాఠాన్ని కుదించండి, మానవద్దు. పది లెక్కలకు బదులు ఒక్కటి చాలు. పాఠమంతటికి బదులు ఒక పేరా చాలు. అదీ సాగనినాడు ఇంటిపనినే పాఠం చేయండి. జీడిపిక్కల బస్తా ఎనభై కిలోలు. బస్తా ధర చెప్పి కిలో ధర ఎంతో అడగండి. తెలియనిచోట ‘నాకూ తెలియదు, కలిసి చూద్దాం’ అనండి. అందువల్ల మీ గౌరవం తగ్గదు. నేర్చుకొనే తీరు బిడ్డ కంటబడుతుంది. కోపం వచ్చినచో పుస్తకం మూసి సముద్రపుటొడ్డుకో తోటలోకో తీసుకొనిపోండి. చదువంటే భయం పుట్టకపోవటంకంటె ఆనాటికి కావలసినదేమున్నది?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఇట్టి ఇల్లు మీ ఊళ్ళో ఉంటే వారానికొకసారి తలుపు తట్టండి. విద్యార్థులారా, మీ ప్రక్కింటి చిన్నవానికి ఒక అరగంట కేటాయించండి. అలసిన తల్లికి ఉపదేశంకంటె ఆ అరగంట తోడు ఎక్కువ మేలు చేస్తుంది.